జూలియన్ ఆల్ఫ్రెడ్: సెయింట్ లూసియా పరుగుల రాణి

జూలియన్ ఆల్ఫ్రెడ్ (జననము: 10 జూన్ 2001) కరేబియన్ సముద్రములోని సెయింట్ లూసియా ద్వీపదేశమునకు చెందిన పరుగుల క్రీడాకారిణి. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో మహిళల 100 మీటర్ల పరుగులో స్వర్ణ పతకమును, 200 మీటర్ల పరుగులో రజత పతకమును గెలిచినది. సెయింట్ లూసియా ఒలింపిక్ చరిత్రలో ఇవియే మొదటి రెండు పతకములు. అదే సంవత్సరము మార్చి నెలలో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ ఇండోర్ పోటీలలో 60 మీటర్ల స్వర్ణమును, 2025లో టోక్యో ప్రపంచ పోటీలలో 100 మీటర్ల కాంస్యమును కూడ సాధించినది.

మా ఆలయములోని సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చు పిల్లలు ఈమెను గురించి అడుగుచుండగా, ఆమె క్రీడా జీవితమును మొదటినుండి వరుసగా తెలుగులో వ్రాసి ఉంచుట మంచిదని మేము తలచినాము. పరుగుపందెమునకు సంబంధించిన మాటలను, నియమములను వచ్చిన చోటనే వివరించినాము.

ఆ ద్వీపము, మన ద్వీపము

సెయింట్ లూసియా వైశాల్యము సుమారు 617 చదరపు కిలోమీటర్లు. మన మారిషస్ దేశములో మూడవ వంతు కూడ లేదు. జనాభా సుమారు 1,80,000. రాజధాని కాస్ట్రీస్. మన దేశమువలెనే అదియు మొదట ఫ్రెంచివారి పాలనలోను, తరువాత ఆంగ్లేయుల పాలనలోను ఉన్నది. 1814లో పారిస్ నగరమున కుదిరిన సంధివలన మారిషస్, సెయింట్ లూసియా రెండును ఒకేసారి బ్రిటిషువారి వశమైనవి. అందువలన అక్కడి కార్యాలయములలో ఆంగ్లము, ఇండ్లలోను సంతలలోను ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోల్ భాష వినబడును. మనకు స్వాతంత్ర్యము 1968 మార్చి 12న వచ్చినది. వారికి 1979 ఫిబ్రవరి 22న వచ్చినది.

చెరకు తోటల చరిత్రయు ఇరువురికి ఉన్నది. బానిసత్వము రద్దయిన పిదప మన పూర్వులు కోరంగి మొదలైన రేవులనుండి ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరినట్లే, 1859 నుండి భారతీయ కూలీలు సెయింట్ లూసియా తోటలకును చేరినారు. జూలియన్ ఆల్ఫ్రెడ్ మన సంతతికి చెందినదని ఇందు అర్థము కాదు. ఆమె పెరిగిన దేశము ఎటువంటిదో మన పిల్లలకు సులభముగా బోధపడుటకే ఈ పోలిక చెప్పినాము.

ఆ చిన్న దేశము ఇద్దరు నోబెల్ బహుమతి గ్రహీతలను కన్నది: అర్థశాస్త్రములో ఆర్థర్ లూయిస్ (1979), సాహిత్యములో డెరెక్ వాల్కాట్ (1992). క్రికెట్ అభిమానులకు డారెన్ సామీ పేరు తెలిసినదే. ఎత్తుదూకు క్రీడాకారిణి లెవర్న్ స్పెన్సర్ 2018లో ఆ దేశమునకు మొదటి కామన్వెల్త్ స్వర్ణము తెచ్చినది. అయితే 1996 అట్లాంటా క్రీడలనుండి ఒలింపిక్స్‌లో పాల్గొనుచున్నను, 28 సంవత్సరములపాటు సెయింట్ లూసియాకు ఒక్క పతకమును రాలేదు.

బాల్యము

జూలియన్ కాస్ట్రీస్ సమీపమున ఉన్న సిసెరాన్ అను ప్రాంతములో పెరిగినది. చిన్ననాట మగపిల్లలతో కలిసి పరుగెత్తి వారిని దాటిపోయెడిది. ఆ రోజులలో బూట్లు లేక ఉత్త పాదములతో, బడి దుస్తులతోనే మైదానములో పరుగెత్తేదానినని పారిస్ విజయము తరువాత ఆమెయే విలేఖరులకు చెప్పినది.

ఆమెకు 12 సంవత్సరములు నిండిన కాలమున, 2013లో, తండ్రి మరణించినాడు. ఆ దుఃఖములో ఆమె కొంతకాలము పరుగును పూర్తిగా విడిచిపెట్టినది. తిరిగి మైదానమునకు రమ్మని నచ్చజెప్పి, శిక్షణ కొనసాగించినవారు స్థానిక శిక్షకుడు కత్‌బర్ట్ మోడెస్ట్. ప్రపంచ విజేతల జీవిత కథలలో ఇటువంటివారి పేరు ఒక్క వాక్యములో ముగిసిపోవును. కాని ఆ పిల్ల ఆనాడు తిరిగి రాకపోయినచో తరువాతి కథయే లేదు. తండ్రి తన గెలుపును చూడలేకపోయినాడని పారిస్‌లో ఆమె కన్నీరు పెట్టుకొన్నది.

జమైకాకు, అటుపిమ్మట టెక్సాస్‌కు

14వ ఏట జూలియన్ ఇల్లు విడిచి జమైకా దేశమునకు వెళ్లి, సెయింట్ కేథరిన్ ఉన్నత పాఠశాలలో చేరినది. జమైకాలో పరుగుపందెము జాతీయ క్రీడవంటిది. అక్కడి పాఠశాలల పోటీలకే స్టేడియము నిండిపోవును. 2008 నుండి 2021లో జరిగిన టోక్యో క్రీడలవరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లలో మహిళల 100 మీటర్ల స్వర్ణము జమైకాకే దక్కినది: షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్‌కు రెండు, ఎలేన్ థాంప్సన్ హెరాకు రెండు. పరుగు నేర్వవలెనన్న బాలికకు అంతకంటె మంచి చోటు లేదు. అయినను 14 ఏండ్ల పిల్ల తల్లిని, ఊరిని విడిచి వేరొక ద్వీపమునకు పోవుట సామాన్యమైన సంగతి కాదు. పై చదువులకు పిల్లలను ఫ్రాన్సుకో, ఇంగ్లండుకో పంపి, విమానాశ్రయమునుండి తిరిగి వచ్చిన తలిదండ్రులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ ఇంటి నిశ్శబ్దము ఎట్లుండునో వారిని అడిగిన చెప్పుదురు.

ఆ త్యాగమునకు ఫలితము త్వరలోనే కనిపించినది. 2017లో బహామాస్‌లో జరిగిన కామన్వెల్త్ యువ క్రీడలలో 100 మీటర్ల స్వర్ణము, 2018లో బ్యూనస్ ఎయిర్స్ యువ ఒలింపిక్స్‌లో రజతము ఆమెకు లభించినవి.

తరువాత అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయము ఆమెను చేర్చుకొన్నది. అక్కడ ఆమె శిక్షకుడు ఎడ్రిక్ ఫ్లోరియల్. ఆయన హైతీ దేశమున పుట్టి, కెనడా తరఫున 1988, 1992 ఒలింపిక్స్‌లో పాల్గొన్న క్రీడాకారుడు. ఆయనయు చిన్న దేశమున పుట్టి పరదేశమున ఎదిగినవాడే. విద్యార్థి దశ ముగిసి 2023లో వృత్తి క్రీడాకారిణి అయిన తరువాతను జూలియన్ ఆయన వద్దనే, ఆస్టిన్ నగరములోనే, సాధన కొనసాగించినది.

పరుగుపందెపు నియమములు

ఇకముందు చెప్పబోవు సంగతులు అర్థమగుటకు మూడు నియమములు తెలియవలెను.

మొదటిది కాలము. పరుగు కాలమును సెకనులో నూరవ వంతువరకు లెక్కింతురు. 10.72 అనగా పది సెకనులు, ఆపై నూటికి డెబ్బది రెండు వంతులు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో భారతదేశపు పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో ఒక్క నూరవ వంతు తేడాతో కాంస్యమును కోల్పోయినది. కన్ను మూసి తెరచునంతలో ఇటువంటి వంతులు ఎన్నో గడచిపోవును.

రెండవది గాలి. వెనుకనుండి వీచు గాలి పరుగెత్తువారికి సాయపడును. ఆ గాలి వేగము సెకనుకు 2 మీటర్లు దాటినచో, గెలుపు గెలుపే గాని, ఆ కాలమును రికార్డులలో చేర్చరు.

మూడవది ప్రారంభము. తుపాకి ధ్వని వినబడిన పిమ్మట సెకనులో పదవ వంతు గడవక ముందే కదలినను, ధ్వనికి ముందే కదలినను దానిని ఫాల్స్ స్టార్ట్ అందురు. 2010 నుండి ఈ తప్పునకు రెండవ అవకాశము లేదు. ఒక్కసారి కదలినవారు ఆ పందెమునుండి వెలుపలికి పోవలసినదే.

2022, 2023: ఎదురుదెబ్బలు

2022 జూన్‌లో జూలియన్ అమెరికా విశ్వవిద్యాలయముల పోటీలలో 100 మీటర్ల విజేతగా నిలిచినది. ఆ మరుసటి నెలలో అమెరికాలోని యూజీన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలకు గొప్ప ఆశతో వెళ్లినది. అక్కడ సెమీఫైనల్‌లో ఫాల్స్ స్టార్ట్ చేసి, ఒక్క అడుగు పరుగెత్తకుండనే పోటీనుండి తొలగింపబడినది. ఒక పెద్ద దేశమునకు అదే పందెములో ముగ్గురు, నలుగురు ఉందురు. ఒకరు పోయినను మరొకరు మిగులుదురు. సెయింట్ లూసియాకు ఉన్నది ఆమె ఒక్కతే.

కొన్ని వారములకే, ఆగస్టులో, ఆమె బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో మరల బ్లాకులపై పాదము మోపినది. ఈసారి 11.01 సెకనులలో పరుగెత్తి, ఎలేన్ థాంప్సన్ హెరా వెనుక రజతము గెలిచినది.

2023 విద్యార్థి దశలో ఆమె చివరి సంవత్సరము. మార్చిలో ఇండోర్ పోటీలలో 60 మీటర్లను 6.94 సెకనులలోను, 200 మీటర్లను 22.01 సెకనులలోను ముగించినది. జూన్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు, 4×100 మీటర్ల రిలే మూడింటిలోను స్వర్ణము గెలిచినది. ఆనాడు 100 మీటర్ల కాలము 10.72. కాని గాలి హద్దు దాటినందున ఆ అంకె రికార్డులకు ఎక్కలేదు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఆ ఆగస్టులో బుడాపెస్ట్ ప్రపంచ పోటీలలో ఆమెకు 100 మీటర్లలో ఐదవ స్థానము (10.93), 200 మీటర్లలో నాలుగవ స్థానము (22.05) వచ్చినవి. రెండు పందెములలోను పతకము అందుకొన్నవారిలో అమెరికాకు చెందిన షకారి రిచర్డ్‌సన్ ఉన్నది. 100 మీటర్ల స్వర్ణము ఆమెదే.

2024: గ్లాస్గో, పారిస్

2024 మార్చి 2న గ్లాస్గోలో జరిగిన ప్రపంచ ఇండోర్ పోటీలలో జూలియన్ 60 మీటర్లను 6.98 సెకనులలో ముగించి స్వర్ణము గెలిచినది. ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో సెయింట్ లూసియాకు అది మొదటి పతకము. పోలండ్ దేశపు ఎవా స్వొబొడా నూటికి రెండు వంతుల తేడాతో రెండవ స్థానమున నిలిచినది.

పారిస్ ఆమెకు మొదటి ఒలింపిక్స్. ఆగస్టు 3వ తేదీన సెమీఫైనల్‌లో ఆమెయు షకారి రిచర్డ్‌సన్‌యు ఒకే పందెములో తలపడినారు. జూలియన్ 10.84తో ముందు వచ్చినది. షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ ఆ సెమీఫైనల్‌లో పాల్గొనకుండనే తప్పుకొన్నది.

ఆ రోజు ఉదయమున జూలియన్ ఉసేన్ బోల్ట్ పాత పరుగుల దృశ్యములను చూచినదట. తన పేరు వ్రాసి, దాని ప్రక్కన ఒలింపిక్ విజేత అని వ్రాసుకొన్నదట. ఇవి ఆమెయే తరువాత చెప్పిన సంగతులు.

ఫైనల్ సమయమునకు స్టాడ్ ద ఫ్రాన్స్ స్టేడియములో వాన కురిసి ఊదారంగు బాట తడిసి ఉన్నది. మన గడియారములలో రాత్రి పదకొండు దాటినది. సెయింట్ లూసియాలో అప్పుడు మధ్యాహ్నము. మొదటి అడుగులనుండియే జూలియన్ ముందున్నది. సగము దూరమునకే పందెము తేలిపోయినది. కాలము 10.72. షకారి రిచర్డ్‌సన్ 10.87తో రజతము, మెలిస్సా జెఫర్సన్ 10.92తో కాంస్యము పొందినారు. 0.15 సెకను తేడా అనగా గీటు వద్ద సుమారు ఒకటిన్నర మీటరు దూరము. ఈ పందెములో అది చాల పెద్ద తేడా.

ఒక సంవత్సరము ముందు గాలి సాయమున్నదని రికార్డులకు ఎక్కని అదే 10.72, ఈసారి ఏ సాయమును లేకుండ, స్వల్పమైన ఎదురుగాలిలో వచ్చినది. ఇది సెయింట్ లూసియా జాతీయ రికార్డు. సగటున గంటకు 33 కిలోమీటర్లకు మించిన వేగము.

అదే రాత్రి, అదే స్టేడియములో, సెయింట్ లూసియాకు పొరుగున ఉన్న డొమినికా ద్వీపపు థియా లఫాండ్ ట్రిపుల్ జంప్‌లో స్వర్ణము గెలిచినది. డొమినికాకును అదియే మొదటి ఒలింపిక్ పతకము. రెండు చిన్న ద్వీపములు ఒక్క రాత్రిలో, ఇద్దరు స్త్రీల వలన, విజేతల పట్టికకు ఎక్కినవి. 1814లో ఎవరో పెద్దలు కూర్చుండి ఏ ద్వీపము ఎవరికని పంచుకొన్న నగరములో, రెండు శతాబ్దముల పిమ్మట సెయింట్ లూసియా జాతీయ గీతము వినబడినది.

ఆగస్టు 6న 200 మీటర్ల ఫైనల్‌లో అమెరికాకు చెందిన గాబీ థామస్ 21.83తో గెలువగా, జూలియన్ 22.08తో రజతము పొందినది. సెప్టెంబరులో బ్రస్సెల్స్ డైమండ్ లీగ్ ఫైనల్‌లో 100 మీటర్లను గెలిచి ఆ సంవత్సరమును ముగించినది. ఆమె స్వదేశమునకు వచ్చిన వేళ, ప్రభుత్వము 2024 సెప్టెంబరు 27ను జూలియన్ ఆల్ఫ్రెడ్ దినముగా ప్రకటించి గౌరవించినది.

పారిస్ తరువాత

ఒలింపిక్ విజేత మరుసటి సంవత్సరమున ఎట్లు పరుగెత్తునని అందరును చూతురు. 2025 జూలైలో లండన్‌లో జూలియన్ 200 మీటర్లను 21.71 సెకనులలో ముగించి తన జాతీయ రికార్డును మెరుగుపరచినది. ఆగస్టులో జూరిక్‌లో డైమండ్ లీగ్ 100 మీటర్ల కిరీటమును నిలుపుకొన్నది. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల 100 మీటర్ల ఫైనల్‌లో ఆమె 10.84తో కాంస్యము పొందినది. పారిస్‌లో మూడవ స్థానమున నిలిచిన మెలిస్సా జెఫర్సన్, వివాహానంతరము జెఫర్సన్ వుడెన్ అను పేరుతో, 10.61తో స్వర్ణము గెలిచినది. జమైకాకు చెందిన టీనా క్లేటన్‌కు రజతము దక్కినది. తొడ వెనుక కండరము గాయపడినందున జూలియన్ 200 మీటర్ల పోటీనుండి తప్పుకొనవలసి వచ్చినది.

ముఖ్య ఫలితములు

2017, బహామాస్, కామన్వెల్త్ యువ క్రీడలు: 100 మీటర్లు, స్వర్ణము
2018, బ్యూనస్ ఎయిర్స్, యువ ఒలింపిక్స్: 100 మీటర్లు, రజతము
2022, బర్మింగ్‌హామ్, కామన్వెల్త్ క్రీడలు: 100 మీటర్లు, రజతము (11.01)
2023, బుడాపెస్ట్, ప్రపంచ పోటీలు: 100 మీటర్లు, ఐదవ స్థానము (10.93), 200 మీటర్లు, నాలుగవ స్థానము (22.05)
2024, గ్లాస్గో, ప్రపంచ ఇండోర్ పోటీలు: 60 మీటర్లు, స్వర్ణము (6.98)
2024, పారిస్, ఒలింపిక్స్: 100 మీటర్లు, స్వర్ణము (10.72), 200 మీటర్లు, రజతము (22.08)
2025, టోక్యో, ప్రపంచ పోటీలు: 100 మీటర్లు, కాంస్యము (10.84)

ఉత్తమ కాలములు: 60 మీటర్లు 6.94 (2023), 100 మీటర్లు 10.72 (2024), 200 మీటర్లు 21.71 (2025).

మైదానము మాట

పారిస్‌లో గెలిచిన కొద్దిసేపటికే జూలియన్ విలేఖరులతో తన దేశపు మైదానమును గురించి మాట్లాడినది. దాని వెనుక ఒక కథ ఉన్నది. సెయింట్ లూసియా దక్షిణ తీరమున వ్యూ ఫోర్ట్ పట్టణములో జార్జ్ ఓడ్లమ్ జాతీయ క్రీడా మైదానము ఉన్నది. 2009లో అదే పట్టణములోని సెయింట్ జూడ్ ఆసుపత్రి అగ్నికి ఆహుతి కాగా, రోగులను ఆ స్టేడియమునకు తరలించినారు. కొద్దికాలమునకని చేసిన ఏర్పాటు ఏండ్ల తరబడి కొనసాగినది. ఎనిమిదేండ్ల జూలియన్ 23 ఏండ్ల ఒలింపిక్ విజేత అయిన నాటికిని ఆ స్టేడియము ఆసుపత్రిగానే ఉన్నది. రోగులకు నీడ కల్పించుట తప్పని ఎవరును అనలేరు. అయితే ఆ పదునైదేండ్లలో ఆ ద్వీపమున పరుగెత్తవలెనని ఆశపడిన పిల్లలందరును మంచి బాట లేకయే పెరిగినారు. తన పతకము చూచియైన ఒక కొత్త స్టేడియము కట్టుదురని, పిల్లలకు దారి ఏర్పడునని ఆశించుచున్నానని జూలియన్ చెప్పినది.

ఈ విషయములో మన మారిషస్ అదృష్టము కలది. రెద్వీలోని స్టేడియమునకు మన దేశపు మారథాన్ పరుగుల స్త్రీ మారీజ్ జస్టిన్ పేరు పెట్టుకొన్నాము. ఒలింపిక్స్‌లో మనకు ఇంతవరకు వచ్చినది ఒకే ఒక పతకము: 2008 బీజింగ్ క్రీడలలో బాక్సింగ్‌లో బ్రూనో జూలీ గెలిచిన కాంస్యము. మన జనాభా సెయింట్ లూసియా జనాభాకు ఆరు రెట్లకు మించినది. బాట ఉన్నది, పిల్లలు ఉన్నారు.

జూలియన్ జీవితములో పెద్ద శిక్షకులు, పెద్ద విశ్వవిద్యాలయము, పెద్ద స్టేడియములు తరువాత వచ్చినవి. వాటిని చిన్న దేశము ఇవ్వలేదు. వాటికొరకు పిల్లలు సముద్రము దాటి పోవలసినదే. చిన్న దేశము ఇవ్వగలిగినది దానికి ముందటిది: ఈ పిల్ల వేగముగా పరుగెత్తుచున్నదని చూచిన కన్ను, మానివేసినప్పుడు ఇంటికి వచ్చి పిలిచిన నోరు, పోయెదనన్నప్పుడు వలదనని తల్లి. సిసెరాన్‌లో అవి ఆమెకు దొరికినవి. మన ఊళ్లలో ఆడపిల్ల పరుగెత్తెదనన్నచో, చదువు పాడగునని, ఎండకు నల్లబడునని చెప్పుటకు ముందు, ఒక శనివారము ఆమెను రెద్వీకి తీసుకొనిపోయి ఆ బాటపై నిలుపుడని తలిదండ్రులను కోరుచున్నాము.